నింబూ మసాలా చికెన్: నిమ్మరసం ఎంతసేపు పట్టించాలి?

ఇఫ్తార్‌కైనా, ఇంట్లో దావత్‌కైనా నింబూ చికెన్ పెడితే ప్లేటు ఇట్టే ఖాళీ అవుతుంది. కానీ చాలామంది చెప్పే మాట ఒకటుంది: రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టాం, అయినా ముక్క పీచులా, గట్టిగా వచ్చింది అని. అసలు ఇబ్బంది ఆ ‘రాత్రంతా’లోనే ఉంది. నిమ్మకాయలోని సిట్రిక్ యాసిడ్ ఎక్కువసేపు తగిలితే పొయ్యి ఎక్కకముందే మాంసం పైభాగం బిగుసుకుపోతుంది. ముక్క తెల్లగా పాలిపోయిందంటే అదే గుర్తు. పెరుగు పులుపు అంత ఘాటు కాదు, నెమ్మదిగా పనిచేస్తుంది. అందుకే మసాలాను రెండు విడతలుగా పట్టించాలి.

కిలో చికెన్ (ఎముకతో ఉన్న లెగ్ పీసులైతే మంచిది) కడిగి, నీళ్లు పూర్తిగా వడకట్టండి. నీళ్లుంటే మసాలా జారిపోతుంది. మసాలా దానంతట అది లోపలికి పెద్దగా వెళ్లదు కాబట్టి ఎముక దాకా గాట్లు పెట్టండి. రెండు నిమ్మకాయల రసం, రెండు టీస్పూన్ల ఉప్పు, అర టీస్పూన్ పసుపు పట్టించి అరగంట ఉంచితే చాలు. గిన్నె స్టీలుది గానీ గాజుది గానీ వాడండి, అల్యూమినియం వద్దు.

ఆ తర్వాత ఊరిన నీరు వంపేసి, గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు ఒక కప్పు, అల్లం వెల్లుల్లి పేస్ట్ రెండు టేబుల్ స్పూన్లు, కారం రెండు టీస్పూన్లు, ధనియాల పొడి రెండు టీస్పూన్లు, వేయించిన జీలకర్ర పొడి, గరం మసాలా ఒక్కో టీస్పూన్, కొంచెం మిరియాల పొడి, రెండు టేబుల్ స్పూన్ల నూనె కలపండి. పచ్చి బొప్పాయి మటన్‌కి బాగుంటుంది గానీ, చికెన్‌కి వేస్తే ముక్క మెత్తబడి విడిపోతుంది.

సహరీకి కలిపి ఇఫ్తార్‌కి వండేవాళ్లు ఒక్కటి మాత్రం మరవొద్దు. గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి. పెరుగు, నిమ్మ వేశాం కదా, పాడవదులే అనుకోవద్దు. పచ్చి చికెన్ బయట రెండు గంటలు దాటకూడదు, మండు వేసవిలో గంటే.

వండేందుకు ఓవెన్ అక్కర్లేదు. మందపాటి కడాయిలో కొంచెం నూనె వేడిచేసి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, మూతపెట్టి మధ్యస్థ మంటమీద పది నిమిషాలు, తిప్పి మరో పది నిమిషాలు ఉంచండి. మూత తీసి మంట పెంచితే నీరు ఇగిరి మసాలా ముక్కకి అంటుకుంటుంది. ఎముక దగ్గర గుచ్చి చూడండి. ఎర్రని నీరు వస్తే ఇంకా ఉడకాలి. థర్మామీటరు ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.

పొగ వాసన ఇష్టమైతే చిన్న కటోరీలో నిప్పు బొగ్గు పెట్టి, చుక్క నెయ్యి వేసి, కడాయిలో ఉంచి మూడు నిమిషాలు మూత వేయండి. మరో అర చెక్క నిమ్మరసం పొయ్యి ఆపాకే పిండాలి, అప్పుడే ఆ వాసన నిలుస్తుంది. గిన్నెలో మిగిలిన మసాలాను పచ్చిగా చట్నీలో కలపొద్దు, ముక్కలతోపాటే కడాయిలో వేసి ఉడికించేయండి.