ఐటీఐలో పాఠం చెప్పాలంటే సీఐటీఎస్

పని వచ్చినంత మాత్రాన పని నేర్పడం రాదు. వెల్డింగ్‌లో చేయి తిరిగిన మిస్త్రీ కూడా ఇరవై మంది పిల్లల ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడొచ్చు. అందుకే ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ల కోసం కేంద్రం ఏడాది కోర్సు నడుపుతోంది. అదే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ (సీఐటీఎస్). ఇలాంటి శిక్షణ 1948లో బిలాస్‌పూర్ దగ్గరి కోనిలో మొదలైంది.

అర్హత: సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ, డిప్లొమా లేదా డిగ్రీ. ఎంపిక ఎంట్రన్స్ ద్వారా.

నేర్పేది: ట్రేడ్ పనితో పాటు లెసన్ ప్లాన్ రాయడం, చేసి చూపడం, పిల్లలతో చేయించి తప్పులు దిద్దడం.

హైదరాబాద్‌లో: విద్యానగర్, రామంతాపూర్ ఎన్‌ఎస్‌టీఐలు. మహిళలకు వేరే ఎన్‌ఎస్‌టీఐ ఉంది.

మనూ ఐటీఐలో బోధన ఉర్దూలోనే. ట్రేడ్, ఉర్దూ రెండూ వచ్చి ఈ సర్టిఫికెట్ కూడా చేతిలో ఉంటే, వర్క్‌షాప్ కూలీతోనే ఆగిపోనక్కర్లేదు.