కత్తి ఒంటి రంగు

ఇనుప కత్తికి దానంతట అది వచ్చే రంగు తుప్పు. గోపన్‌పల్లిని ఆనుకుని ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో బృహత్‌శిలాయుగపు సమాధులున్నాయి. ఆచార్య కె.పి. రావు ఆధ్వర్యంలో అక్కడ జరిగిన తవ్వకాల్లో కుండలతోపాటు చిన్న ఇనుప కత్తులు బయటపడ్డాయి. వాటి కాలం క్రీ.పూ. 2200 ప్రాంతమని 2015లో ప్రకటించారు. దక్షిణాదిన ఇనుము వాడకానికి అంతవరకు చెప్పుకుంటూ వచ్చిన కాలం కంటే ఇది చాలా వెనక్కి పోతుంది. కత్తికి రంగు వేసే పని ఇంత పాతది కాదు గాని, ఆ పనికి కారణమైన తుప్పు మాత్రం అంత పాతదే.

కత్తి మీద మనిషి చూసిన మొదటి మెరుపు రంగులు కొలిమిలోనే పుట్టాయి. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన ఉక్కు గాజులా పెళుసు. దాన్ని మళ్ళీ మెల్లగా వేడిచేసి ఆ పెళుసుదనం తీయాలి. అలా వేడెక్కేటప్పుడు సానపట్టిన ఉక్కు ఒంటి మీద వరసగా రంగులు పాకుతాయి. 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగు వస్తుంది. 250 దాటాక అది గోధుమరంగుకు, 280 దగ్గర వంగపండు రంగుకు, 300కు చేరేసరికి నీలానికి మారుతుంది. ఇదేమీ పూత కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద ఏర్పడిన ఆక్సైడ్ పొర నానోమీటర్లలో కొలిచేంత పలుచన. ఆ పొర పైనా కిందా తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, దాని మందాన్ని బట్టి ఒక్కో రంగుగా కనిపిస్తాయి. ఉష్ణమాపకం ఎరగని కమ్మరికి కొలమానం ఈ రంగే. క్షౌరపు కత్తిని ఎండుగడ్డి రంగు దగ్గర ఆపేవారు, స్ప్రింగును నీలం దాకా పోనిచ్చేవారు. రంగు తప్పితే పనిముట్టు తప్పినట్టే. కళ్ళ ముందు రెండు మూడు క్షణాల్లో దాటిపోయే ఆ రంగును పట్టుకోవడంలోనే కమ్మరి నేర్పంతా ఉంది.

తెలంగాణ ఉక్కుకు దేశాంతరాల్లో పేరు తెచ్చినది మరో రకం రంగు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో మూసి, కరిగించి ఉక్కు దిమ్మలు చేసేవారు. ఇంగ్లీషువారు దీన్ని ‘వూట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ మాటే అలా మారిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే అభిప్రాయం. గోలకొండ రాజ్యపు ఉక్కు పారశీకానికి వెళుతుందనీ, అలల గీతలున్న కత్తులకు అదే పనికొస్తుందనీ 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు టవెర్నియే రాశాడు. అదే శతాబ్దంలో వచ్చిన మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇందల్వాయిలో తయారయ్యే కత్తులను, బాకులను, బల్లేలను ప్రస్తావించాడు. భూగర్భశాస్త్రవేత్త హెన్రీ వాయిసీ 19వ శతాబ్దపు తొలినాళ్ళలో కోనసముద్రం వెళ్ళి, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి అక్కడే కలిశాడు.

ఈ ఉక్కులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. సానపట్టి నునుపు చేస్తే కత్తి మామూలుగానే కనబడుతుంది. అన్నభేది (ఇనుప సల్ఫేట్) ద్రావణం పూసిన తర్వాతే, కార్బన్ ఎక్కువగా పేరుకున్న చోట్లు తెల్లగా నిలిచి, మిగిలిన ఉక్కు నల్లబారి, నీటి అలల వంటి గీతలు తేలతాయి. లోపల ఉన్నదే పైకి కనిపిస్తుంది కాబట్టి కొనేవాడు ఆ గీతలు చూసి ఉక్కు జాతిని గుర్తుపట్టేవాడు. ఆ రోజుల్లో కత్తికి నిండురంగు కావాలంటే అది పిడికే చెందేది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మొగలుల బాకుల్లో జేడ్ రాతి పిడులు, పొదిగిన రత్నాలు దీనికి సాక్ష్యం.

20వ శతాబ్దంలో పూత మొదట నలుపుగా వచ్చింది. ఉక్కుకు ఫాస్ఫేట్ పొర ఎక్కించే పద్ధతి తుప్పును ఆపుతూ, మెరుపునూ చంపుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్ దళం చేతికిచ్చిన కత్తులకు ఇదే పూత. ఎండలో తళుక్కుమన్న కత్తి సైనికుణ్ణి పట్టిస్తుంది. అడవికి, కొండకు, చేపలవేటకు వెళ్ళేవారి అవసరం దీనికి పూర్తిగా ఎదురు. ఎండుటాకుల్లోనో గడ్డిలోనో జారిపడిన నల్లకత్తి దొరకడం కష్టం. నారింజ, పసుపు, చిలకపచ్చ కత్తులకు ఆదరణ పెరిగిన కారణాల్లో ఇది ముఖ్యమైనది.

ఈ రంగులు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి లోహపు ఆవిరి దారి. శూన్యం చేసిన గదిలో టైటానియంను ఆవిరిగా మార్చి, నైట్రోజన్‌తో కలిపి ఉక్కు మీద పేరిస్తే బంగారు రంగు పొర వస్తుంది. మందం కొన్ని మైక్రాన్లే అయినా గట్టిదనం మంచి కత్తి ఉక్కుకు దాదాపు మూడింతలు. మొదట్లో ఇలాంటి పొరలకు వెయ్యి డిగ్రీల దాకా వేడి కావలసి వచ్చేది. ఆ వేడికి ఉక్కు పదును సర్వనాశనమవుతుంది. 500 డిగ్రీల లోపే పనిచేసే శూన్య పద్ధతి 1980ల నుంచి డ్రిల్లు బిట్ల మీద విరివిగా వాడుకలోకి వచ్చి, తర్వాత కత్తులకు పాకింది. అయినా ఆ వేడిని తట్టుకోని ఉక్కులు ఉన్నాయి. పాత కమ్మరి కంటితో కాపాడిన హద్దునే ఇక్కడ యంత్రం కాపాడాలి. హైదరాబాద్‌లో ఈ విద్యకు పెద్ద నెలవు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ. 1997 నుంచి ఉన్న ఈ కేంద్ర పరిశోధన సంస్థలో కోత పరికరాలకు గట్టి పూతలు వేసే పని ప్రధాన రంగాల్లో ఒకటి.

రెండోది రంగు దారి. పింగాణీ రేణువులు కలిసిన పాలిమర్ ద్రవాన్ని ఇసుకతో గరుకు చేసిన ఉక్కు మీద చిమ్మి, సుమారు 120 డిగ్రీల దగ్గర ఓవెన్లో రెండు గంటలు కాలుస్తారు. పొడి రంగుకయితే 180 నుంచి 200 డిగ్రీలు కావాలి. గరుకు చేయడం, జిడ్డు కడగడం సరిగా జరగకపోతే ఎంత ఖరీదైన పూత అయినా పెచ్చులుగా లేస్తుంది. నారింజ, చిలకపచ్చ వంటి నిండురంగులు ఈ దారిలోనే సులువు. ఆవిరి పొరలో బంగారు, నలుపు, ఊదా వంటి కొద్ది ఛాయలే దొరుకుతాయి.

ఏ దారిన వచ్చిన పూత అయినా కత్తి వాదరను కాపాడలేదు. మొదటిసారి సానరాయి మీద లాగగానే అక్కడ రంగు పోయి ఉక్కు బయటపడుతుంది. వాదర పొడవునా ఆ సన్నని గీతకు నూనె రాయాల్సిందే.