ఖరగ్‌పూర్‌లో కొండ లేదు, కొండకు రైలుంది: బౌల్డరింగ్, రాక్ క్లైంబింగ్ ఎలా మొదలుపెట్టాలి?

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పెద్ద ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. ఈ ఊళ్లో పొడవుకు కొదవ లేదు, కరువంతా ఎత్తుకే. సముద్రమట్టానికి 30 మీటర్లు కూడా లేని ఎర్రమట్టి నేల మీద పరుచుకున్న రైల్వే పట్నమిది. నింపురాలోనో, మథురాకాఠీలోనో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కొండను దగ్గరగా చూసేది ఎక్కువగా సెలవులకు శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లినప్పుడే.

ఇక్కడ ఆటలంటే ముందు గుర్తొచ్చేవి ఫుట్‌బాల్, క్రికెట్. మహేంద్రసింగ్ ధోనీ 2001-03 మధ్య టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన ఊరు కాబట్టి అదీ సహజమే. రాళ్లెక్కే సరదా ఉందంటే మాత్రం ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న, “ఇక్కడ రాయెక్కడుంది?” అని.

రాయి ఖరగ్‌పూర్‌లో లేదు. కానీ ఖరగ్‌పూర్ నుంచి మేదినీపూర్, విష్ణుపూర్, బాంకురా మీదుగా ఆద్రా వెళ్లే రైలు మార్గంలో ఉంది. పశ్చిమ బెంగాల్ పర్వతారోహకుల్లో చాలామంది మొదటి అక్షరాలు దిద్దుకున్న రెండు కొండలు ఈ దారిలోనే ఉన్నాయి. హిమాలయాలకు వెళ్లాలనుకునే కుర్రాళ్లు దిగే స్టేషన్ ముందుగా ఛాత్నా లేదా జయచండీ పహాడ్. ఈ సంగతి కోల్‌కతా క్లబ్బులకు తెలిసినంతగా ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు తెలియదన్నది నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసం.

రెండూ ఒకటేనా?

కాదు. బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా చిన్న బండరాళ్ల మీద, సాధారణంగా నాలుగైదు మీటర్ల ఎత్తు మించకుండా ఎక్కడం. కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు వేస్తారు. పక్కన నిలబడ్డవాళ్లు, పడేటప్పుడు తల నేలకు తగలకుండా శరీరాన్ని పరుపు వైపు మళ్లిస్తారు. దీన్ని స్పాటింగ్ అంటారు. రాక్ క్లైంబింగ్‌లో తాడు, హార్నెస్, హెల్మెట్ ఉంటాయి. కిందనో పైనో ఉన్న మనిషి తాడును ఒక పరికరం గుండా వదులుతూ, బిగిస్తూ ఎక్కేవాడిని కాపాడుతుంటాడు. ఆ పని పేరు బిలే. కొత్తవాళ్లకు నేర్పేది టాప్ రోప్ పద్ధతి. అందులో తాడును ముందే పైన కడతారు కాబట్టి చేయి జారినా అడుగో రెండడుగులో కిందికి వచ్చి ఆగిపోతారు.

2021లో జరిగిన టోక్యో క్రీడల్లో క్లైంబింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పారిస్‌లో స్పీడ్ విభాగాన్ని వేరు చేశారు. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో బౌల్డర్, లీడ్, స్పీడ్ మూడింటికీ విడివిడిగా పతకాలిస్తారు. అదంతా కృత్రిమ గోడల మీద ఆడే ఆట. ఖరగ్‌పూర్ నుంచి గోడ మీద సాధన చేయాలంటే జంషెడ్‌పూర్ వెళ్లాలి. టాటానగర్ సుమారు 130 కిలోమీటర్లు. బచేంద్రీ పాల్ ఏళ్ల తరబడి నడిపించిన టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ అక్కడే ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో టెక్నాలజీ అడ్వెంచర్ సొసైటీ ఉంది కానీ అది విద్యార్థుల సంఘం.

రైలు దిగితే కనిపించే కొండలు

బాంకురా దాటాక వచ్చే ఛాత్నా స్టేషన్‌లో దిగి సుమారు పది కిలోమీటర్లు వెళితే శుశునియా కొండ. ఎత్తు దాదాపు 440 మీటర్లు. దీని క్వార్ట్‌జైట్ రాయి గట్టిది. పట్టుకోవడానికి అంచులు, చీలికలు బాగా దొరుకుతాయి. కొండ మీద పుష్కరణ రాజు చంద్రవర్మ 4వ శతాబ్దంలో చెక్కించిన శాసనం ఉంది. రాష్ట్రంలో దొరికిన అతి పాత శాసనాల్లో అదొకటి. కొండ కింద ఊళ్లో రాతి బొమ్మలు చెక్కే కళాకారులున్నారు. ఆ రాయిని వాళ్లు ఉలితో చదివితే క్లైంబర్లు వేళ్లతో చదువుతారు.

అదే మార్గంలో ఇంకా ముందుకు వెళితే ఆద్రా, దాన్ని ఆనుకునే జయచండీ పహాడ్ స్టేషన్. ప్లాట్‌ఫాం మీద నుంచే కొండలు కనిపిస్తాయి. పొలాల మధ్య ఒక్కసారిగా లేచిన గ్రానైట్ జాతి గుట్టలవి. ఒకదాని మీద చండీమాత గుడి, పైకి మెట్లు ఉన్నాయి. సత్యజిత్ రే 1980లో విడుదలైన ‘హీరక్ రాజార్ దేశే’ సినిమాను ఇక్కడ చిత్రీకరించాక బెంగాలీలకు ఈ కొండ పేరు చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఇక్కడి రాయి శుశునియా రాయిలా ఉండదు. పట్టులు తక్కువ, వాలు ఎక్కువ. పాదం మోపి, రాపిడిని నమ్మి నిలబడాల్సి ఉంటుంది. కొండ చుట్టూ దొర్లిపడ్డ బండలే బౌల్డరింగ్‌కు వనరు.

మూడోది పురూలియా జిల్లాలో అయోధ్య కొండల దగ్గరున్న మాఠాబురు. దీనికి టాటానగర్ వైపు నుంచి తిరిగి బరాభూమ్ స్టేషన్‌లో దిగి రోడ్డు మీద వెళ్లాలి. సంతాలీ, ముండారీ భాషల్లో ‘బురు’ అంటేనే కొండ కాబట్టి ‘మాఠాబురు కొండ’ అంటే మనం ‘గేటు ద్వారం’ అన్నట్టే. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కొండ ఆటస్థలం కాదు. సంతాల్‌ల ప్రధాన దైవం పేరే మరాంగ్ బురు, అంటే పెద్ద కొండ. ఎక్కేముందు ఊరి పెద్దలతో మాట్లాడటం, పూజాస్థలాలకు దూరంగా ఉండటం, అటవీశాఖ అనుమతి అవసరమో కాదో కనుక్కోవడం మర్యాద మాత్రమే కాదు, మీ తర్వాత వచ్చేవాళ్లకు ఆ దారి మూతపడకుండా చూడటం కూడా.

చదునైన ఊళ్ల క్లబ్బులు

1960లో సుకుమార్ రాయ్ నాయకత్వంలో బెంగాల్ బృందం గఢ్వాల్‌లోని నందాఘుంటి శిఖరానికి వెళ్లింది. ఆ తర్వాత రాష్ట్రమంతటా పర్వతారోహణ క్లబ్బులు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావరకు కొండ ఛాయ కూడా లేని ఊళ్లవే. నదియా జిల్లాలోని కృష్ణనగర్ ఖరగ్‌పూర్ కంటే చదును. ఆ ఊరి పర్వతారోహకుల సంఘానికి చెందిన బసంత సింహరాయ్, దేబాశిష్ బిశ్వాస్ 2010 మేలో ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ ఉద్యోగస్తులు.

ఈ క్లబ్బుల పద్ధతి దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు శుశునియాలోనో, జయచండీలోనో, మాఠాబురులోనో నాలుగైదు రోజుల శిబిరం పెడతారు. గుడారాల్లో పడక, అందరికీ కలిపి వంట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయి మీద శిక్షణ. ముడులు, బిలే, టాప్ రోప్ క్లైంబింగ్, తాడు మీద కిందికి దిగే రాపెలింగ్ నేర్పుతారు. నగరాల్లోని ప్రైవేటు జిమ్‌లతో పోలిస్తే ఖర్చు తక్కువ, సామాను చాలావరకు క్లబ్బుదే. బోధన బెంగాలీలో సాగుతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు అది అడ్డంకి కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడటం ఇక్కడ మామూలే. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి కారణం ఈ ఊళ్లోని తెలుగువాళ్లే.

ఆ పైన చదవాలనుకుంటే డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాది, 1954 నవంబరులో అది మొదలైంది. బేసిక్ కోర్సు 28 రోజులు. రాయి మీద కొంత పట్టు సాధించి వెళితే అక్కడ మొదటి వారం తేలిగ్గా గడుస్తుంది.

తెలుగులోనే నేర్చుకోవాలంటే సికింద్రాబాద్-కాజీపేట మార్గంలోని భువనగిరి ఉంది. ఏకశిలగా లేచిన ఆ కొండ దగ్గర రాక్ క్లైంబింగ్ పాఠశాల నడిచింది. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు వెళ్లిన ఆనంద్ కుమార్ మొదట సాధన చేసింది అక్కడే.

బలం చేతుల్లో కాదు

జయచండీలో మొదటిరోజు నేను చేసిన తప్పు దాదాపు అందరూ చేసేదే. చేతులతో లాక్కుంటూ ఎక్కబోయాను. అరగంటలో ముంజేతులు రాయిలా బిగుసుకుపోయాయి. మధ్యాహ్నం నీళ్ల సీసా మూత తీయడానికి పక్కవాళ్లను అడగాల్సి వచ్చింది. నాకంటే తేలిగ్గా ఎక్కుతున్న అమ్మాయిని చూస్తే అర్థమైంది. ఆమె పైకి చూసినంతసేపు కిందికి కూడా చూస్తోంది, పాదం ఎక్కడ పెట్టాలా అని. చేతులు చాచి ఉంచి, బరువు కాళ్ల మీద వేసి, తుంటిని రాయికి దగ్గరగా తెచ్చి లేవాలి. మెట్లెక్కేటప్పుడు మనల్ని పైకి తీసుకెళ్లేది చేతులు కాదు కదా.

కండరాలు కొన్ని వారాల్లో బలపడతాయి. వేళ్లలోని స్నాయువులు, వాటిని ఎముకకు పట్టి ఉంచే కట్లు బలపడటానికి నెలలు, ఏళ్లు పడుతుంది. కండ వచ్చింది కదా అని చిన్న అంచులకు వేలాడటం మొదలుపెడితే ఉంగరపు వేలి దగ్గర ‘టప్’మని శబ్దం వినిపిస్తుంది. దాంతో ఆ సీజన్ అయిపోయినట్టే. మొదటి ఏడాది వేళ్లకు ప్రత్యేక వ్యాయామాలు వద్దు. వారానికి రెండు మూడు రోజులే ఎక్కడం, మధ్యలో విశ్రాంతి చాలు. ఖరగ్‌పూర్‌లో ఉన్న రోజుల్లో పరుగు, పుల్‌అప్‌లు, ఒంటికాలి మీద నిలబడే కసరత్తులు చేసుకోవచ్చు.

బౌల్డరింగ్‌లో తాడు లేదు కాబట్టి ప్రతి పడటమూ నేల మీదికే. చీలమండ, మణికట్టు, మోచేతి దెబ్బలు ఎక్కువ. పడేటప్పుడు చెయ్యి వెనక్కి ఆనించకూడదు. మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి. ఎక్కేముందే దిగే దారి చూసుకోవాలి. మనుషులు రాళ్ల మీద చిక్కుకుపోయేది ఎక్కువగా దీన్ని మరిచిపోయినప్పుడే.

ఇంట్లో ఉన్న తాడు

ఖరగ్‌పూర్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. చాలా ఇళ్లలో ఎవరో ఒకరు రైల్వే వర్క్‌షాపులోనో, లైను పనిలోనో ఉంటారు. మంచి నైలాన్ తాడు, నడుముకు కట్టుకునే సేఫ్టీ బెల్టు కళ్లముందే ఉంటాయి. ఫోన్లో వీడియో ఉంటుంది. ఈ మూడూ కలిస్తే జయచండీ రైలెక్కాలనిపిస్తుంది.

ఎక్కొద్దు. పనిలో వాడే తాడు బరువు లాగడానికో, మనిషిని ఉన్నచోట నిలపడానికో తయారైంది. అది సాగదు. క్లైంబింగ్ తాడు సాగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 80 కిలోల బరువును తీవ్రంగా పడేసి పరీక్షించినా, తాడు చివర తగిలే తాకిడి 12 కిలోన్యూటన్లు దాటకూడదు. సాగని తాడు మీద అలాగే పడితే ఆ తాకిడి వెన్నెముకకో, పైన కట్టిన చోటుకో వెళుతుంది. నడుము బెల్టు మీద వేలాడితే పక్కటెముకలు నొక్కుకుపోయి ఊపిరాడదు. హార్నెస్ ఆ బరువును తొడలకు పంచుతుంది. తాడు మీద ఈఎన్ 892, హార్నెస్ మీద ఈఎన్ 12277 ముద్రలుంటాయి. ఒకసారి గట్టిగా పడ్డ తాడునో, ఎవరు వాడారో తెలియని పాత తాడునో చవకగా వచ్చిందని కొనకండి.

సామాను మంచిదైనా ప్రమాదాలకు ఎక్కువగా కారణమయ్యేది మనిషే. ముడి సగం వేసి మాట్లాడుతూ వదిలేయడం, బిలే చేసేవాడు ఫోన్ చూడటం వంటివి. అందుకే ప్రతిసారీ ఎక్కేవాడు బిలే చేసేవాడి పరికరాన్ని, అతడు వీడి ఎనిమిది అంకె ముడిని చేత్తో తాకి చూస్తారు. ఇరవై ఏళ్ల అనుభవమున్నవాళ్లు కూడా ఇది మానరు.

ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్ చేసిన తెలుగువాడు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లాలో పుట్టి, విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి ఉదయ్ భాస్కర్ రావు 1985లో ఎవరెస్ట్ యాత్రలో మరణించారు. ఆయన విగ్రహమే తనకు కొండల మీద ఆసక్తి పుట్టించిందని మస్తాన్ బాబు చెప్పేవారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కారు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ ఆచూకీ తప్పారు. ఏప్రిల్ 3న ఆయన మృతదేహం దొరికింది. పిల్లలు కొండ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఈ చివరి వాక్యమే. వాళ్ల భయం తప్పు కాదు. అయితే టాప్ రోప్ మీద ఇరవై మీటర్ల రాయి ఎక్కడానికీ, ఆరు వేల మీటర్ల పైన ఒంటరిగా తుఫానులో చిక్కుకోవడానికీ ఉన్న తేడాను ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి.

శిబిరానికి డబ్బు కట్టేముందు క్లబ్బును కొన్ని అడగండి. శిక్షకులు ఏ సంస్థలో కోర్సు చేశారు, ఒక్కో తాడుకు ఎంతమంది, తాళ్లు కొని ఎన్నేళ్లయింది, దెబ్బ తగిలితే బాంకురా మెడికల్ కాలేజీకి తీసుకెళ్లడానికి బండి ఉందా. జవాబుకు విసుక్కునే క్లబ్బు వద్దు. మీ ఆరోగ్య బీమా పత్రం కూడా ఒకసారి చదవండి. చాలా పాలసీలు సాహస క్రీడలకు వర్తించవు.

క్లైంబింగ్ షూ మొదటి శిబిరానికి కొనక్కర్లేదు. పల్చటి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లు చాలు. గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు ఇంట్లో వదిలేయండి. దుప్పటి మాత్రం రెండోది కూడా పెట్టుకోండి. డిసెంబరు రాత్రి పురూలియా చలి ఖరగ్‌పూర్ చలిలా ఉండదు.