వెల యిచ్చి చేసే దౌర్జన్యం

దొంగతనం తప్పని చెప్పని ధర్మశాస్త్రం లేదు. కాని పూర్తి వెల చెల్లించి కొన్నవాడు కూడా దోషి కావచ్చునని చెప్పిన శాస్త్రాలు అరుదు. యూదుల ధర్మశాస్త్రం ఆ మాటను స్పష్టంగా చెప్పింది. తెలంగాణా భూసంస్కరణల చరిత్ర చదివేవారు దానిని ఒకసారి పరిశీలించడం అవసరం.

పరుల సొత్తును ఆశించరాదనేది మోషే పది ఆజ్ఞలలో చివరిది. 12వ శతాబ్దిలో ఈజిప్టులో స్థిరపడిన మైమొనిడీస్ తన ధర్మసంహితలో దీనిని రెండుగా విడదీశాడు. పరుని యిల్లో, వస్తువో ఎలా చేజిక్కించుకోవాలా అని మనసులో పథకం వేయడం ఒక దోషం. స్నేహితులను పంపి, పదేపదే వేధించి, యిష్టంలేని వానిచేత అమ్మించడం మరొకటి. ఎంత సొమ్ము చెల్లించినా దోషం దోషమే. ఆశ చివరకు హత్యదాకా పోతుందంటూ ఆయన ఆహాబు కథను ఉదహరించాడు. రాజైన ఆహాబు నాబోతు ద్రాక్షతోటకు వెల యిస్తానన్నాడు, కాదంటే అంతకన్నా మంచి తోట యిస్తానన్నాడు. పిత్రార్జితం వదలనన్నాడు నాబోతు. రాణి యెజెబెలు రాజముద్ర వేసిన ఉత్తరాలు పంపి, దొంగసాక్ష్యం పలికించి, అతన్ని రాళ్ళతో కొట్టించి చంపించింది.

చెల్లించలేడని తెలిసిన బాకీదారుని ఒత్తిడి చేయరాదనీ, అతని కంటబడేటట్టు తిరగడం కూడా తగదనీ యీ శాస్త్రమే చెబుతుంది. మన షావుకార్ల పద్ధతి ఎరిగినవారికి యీ చిన్న నిషేధం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే దీనిని ఆకాశానికెత్తవలసిన పని లేదు. ఆశించరాని సొత్తుల జాబితాలో యింటితోపాటు దాసుడూ, దాసీ కూడా వున్నారు! రక్షణ యజమానికేగాని దాసునికి కాదు. శిక్ష సంగతి చూద్దామా, యిందులో క్రియ లేదు గనుక కొరడాదెబ్బలు లేవన్నాడు మైమొనిడీస్. ఆయన సమకాలికుడు, దక్షిణ ఫ్రాన్సుకు చెందిన అబ్రహాం బెన్ డేవిడ్ దీన్ని ఆక్షేపించాడు: యింతకన్నా పెద్ద క్రియ ఏముంది, తీసుకొన్న వస్తువును తిరిగి యివ్వవలసిందేనన్నాడు. కాని అమ్మేవాడు ‘నాకు యిష్టమే’ అని వుంటే దోషం లేదన్నదీ ఆయనే. మొత్తం వివాదం ఆ ఒక్క మాటమీద నిలిచింది.

ఆ మాట పలికించడమెలాగో మన భూస్వాములకు ఏ శాస్త్రమూ నేర్పనక్కరలేదు. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది. అప్పుడు బీదరు జిల్లాలో వుండి, 1956లో మెదకుకు వచ్చిన నారాయణఖేడ్ తాలూకాకూ అదే చట్టం. దాని ఫలితాలను పరిశీలించి ఆర్థికశాస్త్రవేత్త ఎ. ఎం. ఖుస్రో 1958లో గ్రంథం ప్రకటించారు. 1951లో రక్షణ పొందిన ప్రతి నూరుమందిలో నాలుగేళ్ళకు ఆ హక్కుతో మిగిలినవారు సుమారు 45 మంది. 12 మంది భూమి కొనుక్కొన్నారు. చట్టప్రకారం తొలగింపబడినవారు ముగ్గురు కూడా లేరు. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టబడినవారు 22 మంది. మరి 17 మందికి పైగా ‘స్వచ్ఛందంగా’ వదులుకొన్నారట!

ఏమి స్వచ్ఛందం? విత్తనానికి నాగు పెట్టేది దొర. కాగితం రాసేది పట్వారీ. నచ్చజెప్పడానికి వచ్చేది పటేలూ, నలుగురు పెద్దమనుషులూ. మైమొనిడీస్ చెప్పిన ‘స్నేహితులు’ వీరే. వదులుకోలును కౌలుదారు తహసీలుదారు ఎదుట ఒప్పుకోవాలని చట్టంలో నిబంధన వుంది. ఒప్పుకొనేవాడు ఆ కచేరీనుంచి తిరిగి పోవలసింది దొర వూరికే కదా.

అంతకు కొన్నేళ్ళముందు పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుభూమిమీద విస్నూరు దేశముఖు కన్నువేశాడు. ఆయనకు అప్పటికే 40,000 ఎకరాలున్నట్టు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఐలమ్మ ‘యిష్టమే’ అనలేదు. పంటను కోసుకుపోవడానికి దొర మనుషులు వస్తే సంఘం కార్యకర్తలు అడ్డుపడి, ఆ ధాన్యాన్ని ఆమె యింటికే చేర్చారు. సాయుధపోరాట విరమణ 1951 అక్టోబరులో జరిగింది. ఖుస్రో లెక్కకట్టిన వదులుకోళ్ళు 1951-55 నడుమ నాలుగేళ్ళవి.