పెట్టె అడుగున చిరునామా

మెల్‌బోర్న్‌లో మా పూజగదిలో నాయనమ్మ గారి కుంకుమ భరిణె ఉంది. దాన్ని ఏ కంసాలి చేశాడో ఆవిడకు తెలుసు. మేమే ఏనాడూ అడగలేదు. ఆవిడ పోయాక తిరగేసి చూస్తే అడుగున ఒక్క అక్షరమైనా లేదు. పాత బంగారు పెట్టెల మీది ముద్రల గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

ఇంగ్లండులో ఈ పద్ధతి చాలా పాతది. 1300లో చిరుతపులి తల, 1363లో పనివాడి ముద్ర, 1478లో సంవత్సరాన్ని తెలిపే అక్షరం వచ్చాయి. లండన్ గోల్డ్‌స్మిత్స్ హాలులో పరీక్షించి వేసేవారు కనుకే ‘హాల్‌మార్క్’ అన్న పేరు. అన్నీ ఉంటే పెట్టె ఏ ఊరిదో, ఏ ఏటిదో, ఎవరి చేతిదో తేలిపోతుంది. ఫ్రాన్సులో అయితే 1797 తర్వాత పనివాడి ముద్ర డైమండు ఆకారపు గడిలో ఉంటుంది. 1838 నుంచి బంగారంపై గద్ద తల కనిపిస్తుంది.

ఆస్ట్రేలియాకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 1851లో ఇక్కడ బంగారం బయటపడ్డాక యూరప్ పనివాళ్ళు ఓడలెక్కి వచ్చారు. డెన్మార్క్‌కు చెందిన జూలియస్ హోగార్త్ 1852లో సిడ్నీకి, జర్మన్ వెండ్ట్ 1854లో అడిలైడ్‌కు, లండన్ నుంచి విలియం ఎడ్వర్డ్స్ 1857లో మెల్‌బోర్న్‌కు చేరారు. కానీ ఇక్కడ తప్పనిసరి ప్రభుత్వ ముద్ర లేదు. కొనేవారికి నమ్మకం కుదరాలని కొందరు ఇంగ్లీషు ముద్రలను పోలిన సింహం, కిరీటం, రాణి తల కొట్టారు. మరికొందరు కంగారూ, ఈము బొమ్మలు వేశారు.

అందుచేత సింహం కనబడగానే ‘లండన్ సరుకు’ అనుకోకూడదు. ఊరి ముద్ర, ఏటి అక్షరం ఉన్నాయా అని చూడాలి. లేకపోతే పొడి అక్షరాలను ఆనాటి పత్రికల్లోని దుకాణాల ప్రకటనలతో పోల్చాలి. మూత మీద ఎవరికి, ఎప్పుడు బహూకరించారో చెక్కి ఉంటే సగం పని అయినట్టే. పేరు లేని పాత ప్రోగ్రాం ఎవరు రాశారో వెతికే మాలాంటివారికి ఇది అలవాటైన పనే!

మన ఊళ్ళో కంసాలికి ముద్ర అవసరం రాలేదు. అందరికీ తెలిసినవాడికి ముద్ర ఎందుకు? భారతదేశంలో బంగారానికి హాల్‌మార్కింగ్ 2000లో మొదలై, 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. ఇప్పుడు నగ మీద ఆరక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. చేసిన చేతి పేరు మాత్రం ఉండదు.

మీ ఇంట్లోనూ ఒక భరిణో, కాసులపేరో ఉండే ఉంటుంది. ఈసారి ఇండియాకు ఫోను చేసినప్పుడు అమ్మనో, అమ్మమ్మనో అడగండి. ఎవరు చేశారో, ఏ ఊరో, ఏ పెళ్ళికో ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. మా భరిణెలో పెట్టడానికి నా దగ్గర ఆ కాగితం లేదు.