బ్రిటనీ దాయాదుల పోరు



ఫ్రాన్సు దేశపు పడమటి కొనను, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన బ్రిటనీ యను సీమ కలదు. పూర్వము దాని నేలిన ప్రభువులకు డ్యూకులని బిరుదు. వారు ఫ్రాన్సు రాజునకు సామంతులు. 1341వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మూడవ జాన్ అను డ్యూకు మరణించెను. మువ్వురను పెండ్లాడినను ఆయనకు సంతానము కలుగలేదు. ఇరువదిమూడేండ్ల యుద్ధమునకు ఇదియే మూలము.

తగవు పెద్దలకు సుబోధమే. డ్యూకు తోడబుట్టిన తమ్ముడు గీ అంతకు బదియేండ్ల ముందే గతించెను. అతని కుమార్తె జోన్. తండ్రి రెండవ భార్యకు జన్మించిన సవతి తమ్ముడు జాన్ ద మోంఫోరు. తండ్రి భాగము తనకు రావలెనని జోన్ యనెను. పురుషుడు బ్రతికియుండగా స్త్రీకి రాజ్య మెక్కడిదని మోంఫోరు వాదించెను. జోన్ భర్తయగు షార్లు బ్లువా ప్రభువు కుమారుడు, ఫ్రాన్సు రాజగు ఆరవ ఫిలిప్పునకు మేనల్లుడు. అతని చరిత్రమే నేటి విషయము.

1341 సెప్టెంబరు 7వ తేదీన రాజసభ షార్లు పక్షముననే తీర్పు చెప్పెను. మోంఫోరు ఇంగ్లండు రాజగు మూడవ ఎడ్వర్డు నాశ్రయించెను. ఇందలి వింత గమనింపుడు. స్త్రీమూలమున కిరీటము సంక్రమింపదను వాదము వలన లాభపడి సింహాసనమెక్కిన ఫిలిప్పు ఇచట స్త్రీ హక్కును సమర్థించెను. తల్లిమూలమున ఫ్రాన్సు కిరీటము తనదేయను ఎడ్వర్డు ఇచట దానిని కాదనెను. ప్రయోజనము మారినంతనే న్యాయమును మారినది.

మోంఫోరు చెరబడెను. అయినను అతని భార్య 1342లో హెన్నెబొన్ కోటను కాపాడి పసివాడగు కుమారుని పక్షమును నిలిపెను. 1345లో మోంఫోరు మరణించినను పోరాగలేదు. 1347లో షార్లు యుద్ధమున గాయపడి పట్టుబడి, తొమ్మిదేండ్లు ఇంగ్లండువారి బందీయై, గొప్ప ధనమునకు ఒప్పుకొని విడుదల పొందెను.

ఇతడు మహాభక్తుడు. ఒంటిపై ముతక రోమవస్త్రము ధరించి, గడ్డిపై శయనించెడివాడు. అయినను 1344లో ఇతని సేనలు కెంపేరు పట్టణమును పట్టినపుడు పురజనులనేకులు వధింపబడిరి. భక్తి యొకటి, రాజ్యకాంక్ష యొకటి. రెండును ఒక్క హృదయముననే యుండెను.

1363లో డచీని చెరిసగము పంచుకొన ఒడంబడిక కుదిరెను. జోన్ సమ్మతింపకపోగా అది చెడెను. మరుసటి యేట, సెప్టెంబరు 29న, ఔరే యుద్ధమున షార్లు హతుడయ్యెను. సగము వలదన్నవారికి సర్వమును పోయెను. 1365లో గెరాందు సంధివలన మోంఫోరు కుమారుడు డ్యూకయ్యెను. జోనునకు పాంథియేవ్రు మాత్రము మిగిలెను. మోంఫోరు వంశమున పురుషుడుండగా స్త్రీకి వారసత్వము లేదని ఆ సంధి శాసించెను. షార్లును క్రైస్తవ మతగురువగు పోపు 1904లో ధన్యునిగా ప్రకటించెను.

ఇక కాలము చెప్పిన తీర్పు వినుడు. 1488లో మోంఫోరు వంశపు డ్యూకు రెండవ ఫ్రాన్సిసు పుత్రులు లేక మరణించగా, అతని కుమార్తె ఆన్ డచీని పొందెను. ఆమె వరుసగా ఇరువురు ఫ్రాన్సు రాజులను వివాహమాడెను. 1532లో బ్రిటనీ ఫ్రాన్సులో కలిసిపోయెను. స్త్రీకి హక్కులేదని కత్తి దూసిన వంశమునకు తుదకు కుమార్తెయే దిక్కయ్యెను. ఇరుపక్షములును పోరాడిన భూమి మూడవవాని పాలయ్యెను.