క్షమించడమంటే కేసు వదులుకోవడం కాదు

ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే లెక్కే పెట్టవద్దన్నట్టు యేసు జవాబిచ్చాడు (మత్తయి 18).

ఒడిశాలో బరిపదా కుష్ఠు ఆశ్రమాన్ని నడిపిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు కొడుకులను 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో వాహనంలోనే సజీవ దహనం చేశారు. హంతకులను క్షమించానని భార్య గ్లాడిస్ ప్రకటించారు. సేవ కొనసాగించారు. చట్టం పని చట్టం చేసింది. ప్రధాన దోషి దారాసింగ్‌కు యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది.

వరోరా ఆనంద్‌వన్‌ను దగ్గరగా చూసిన చంద్రపూర్ తెలుగువాళ్లం మనం. ఆ సేవ విలువ మనకు తెలుసు. కానీ సొంతూరి పొలం పంపకాల్లో మాటలు మానేసిన అన్నదమ్ములు మన ఇళ్లలోనూ ఉన్నారు. న్యాయమైన వాటా అడుగుదాం. పగను మాత్రం పిల్లలకు వాటాగా పంచవద్దు.